చేతిలో ఫోను, పెట్టెలో ఓటు
పౌర బాధ్యతలపై అధ్యయన పాఠము



కామసముద్రం, బంగారుపేట, కె.జి.ఎఫ్. ప్రాంతముల నుండి మన కుటుంబములవారు అనేకులు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పనికి పోవుచున్నారు. కొందరు అక్కడే గది తీసుకొని ఉన్నారు. కొందరు పరదేశములలో స్థిరపడినారు. ఓటు మాత్రము చాలామందికి సొంత ఊరిలోనే ఉన్నది. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల యౌవనస్థులు మమ్మును అడుగు ప్రశ్న ఒకటే: "డబ్బు ఫోనులో పంపుచున్నాము, రైలు టిక్కెట్టు ఫోనులో తీసుకొనుచున్నాము. ఓటు మాత్రము ఫోనులో ఎందుకు వేయకూడదు? ఓటే కాదు, రోడ్డు, నీళ్లు, బడి వంటి విషయములలో మన మాటను ప్రభుత్వము ఫోనులోనే ఎందుకు అడుగకూడదు?"

ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. అయితే ఇందులో రెండు సంగతులు కలిసియున్నవి. పాలకులను ఎన్నుకొనుట ఒకటి. పాలనలో మన అభిప్రాయము చెప్పుట మరియొకటి. మొదటిదానికి ఫోను ఇంకను సిద్ధపడలేదనియు, రెండవదానికి ఇప్పుడే పనికివచ్చుననియు మా అభిప్రాయము. ఎందుకో ఈ పాఠములో చూతము. తెలిసినదాని నుండి తెలియనిదానికి పోవలెనని ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పిరి. గనుక మనమందరము చూచిన పోలింగు గదితోనే ప్రారంభింతము.

1. పోలింగు గదిలో జరుగునది

ఓటరు లోపలికి రాగానే ఉద్యోగి జాబితాలో పేరు చూచి పైకి చదువును. అక్కడ కూర్చున్న అభ్యర్థుల ఏజెంట్లు అది విని, "ఈమె ఆమెయే" అని గాని, "కాదు" అని గాని చెప్పవచ్చును. తరువాత వేలిమీద సిరా పెట్టుదురు. ఆ సిరా మన మైసూరులో, రాష్ట్ర ప్రభుత్వపు మైసూర్ పెయింట్స్ కర్మాగారములో తయారగునది. ఆ తరువాత ఓటరు అట్ట చాటుకు ఒంటరిగా పోవును. భర్త గాని, యజమాని గాని, నాయకుడు గాని వెంట పోరాదు.

ఇందులో మూడు కట్టుబాట్లు ఉన్నవి. ఒకటి: ఓటు వేసినది ఎవరో అందరికి తెలియవలెను, ఒక్కసారి మాత్రమే వేయవలెను. రెండు: ఎవరికి వేసినదియు ఎవరికిని తెలియకూడదు. మూడు: లెక్క సరిగా జరిగినదని ఓడిపోయినవాడు కూడ ఒప్పుకొనునట్లు ఉండవలెను. ఈ మూడును కలిసి నిలుచుటయే కష్టము.

బ్యాంకుతో పోల్చి చూడండి. డబ్బు పంపినవాడెవడో, ఎవరికి పంపెనో, ఎంత పంపెనో బ్యాంకుకు తెలియును. పొరపాటు జరిగితే మనకు వచ్చిన సందేశము చూపి ఫిర్యాదు చేయవచ్చును. ఓటు విషయములో "ఫలానావారికి నీ ఓటు పడినది" అని చేతికి రసీదు ఇవ్వరాదు. ఇచ్చినయెడల ఓటు కొన్నవాడు ఆ రసీదు చూపుమనును. రసీదు లేకయే లెక్క నిజమని నమ్మించవలెను. బ్యాంకు పని కంటె ఓటు పని కష్టమగుటకు కారణము ఇదే.

2. యంత్రము వచ్చిన విధము

కాగితము పోయి యంత్రము వచ్చుటకు కూడ చాలా కాలము పట్టినది. 1982లో కేరళలోని పరవూరు శాసనసభ నియోజకవర్గములో 50 పోలింగు కేంద్రములలో మొదటిసారి ఎలక్ట్రానిక్ యంత్రములు వాడిరి. గెలిచిన అభ్యర్థికి 123 ఓట్ల ఆధిక్యత వచ్చినది. ఓడినవారు కోర్టుకు వెళ్లగా, యంత్రము వాడుటకు చట్టములో వీలు లేదని 1984లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పి, ఆ 50 కేంద్రములలో కాగితముతో మరల ఓటింగు జరిపించినది. అప్పుడు ఫలితమే మారిపోయినది. తరువాత చట్టమును సవరించి, 1989 నుండి యంత్రమునకు చోటు కల్పించిరి. దేశమంతట లోక్‌సభ ఎన్నికలు యంత్రములతోనే జరిగినది 2004లో. అనగా మొదటి ప్రయత్నము నుండి 22 సంవత్సరములు.

ఈ యంత్రములను మన బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ, హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ చేయుచున్నవి. వాటికి ఇంటర్నెట్టు సంబంధము లేదు. అయినను ప్రజలకు సందేహము తీరలేదు గనుక 2013 నుండి చీటీ చూపు యంత్రమును జతచేయుట మొదలుపెట్టిరి. ఓటు వేసిన తరువాత గుర్తు ముద్రించిన చీటీ ఏడు సెకండ్లపాటు అద్దములో కనబడి పెట్టెలో పడును. ఏ తంతితోను కలపని యంత్రమునకే ఇంత జాగ్రత్త అవసరమైనప్పుడు, చేతిలోని ఫోనునకు ఇంకెంత కావలెనో ఆలోచించండి.

3. ఖమ్మములో జరిగిన ప్రయోగము

మన తెలుగు దేశములోనే దీనికి ఒక ఉదాహరణ ఉన్నది. 2021 అక్టోబరులో తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘము ఖమ్మం జిల్లాలో స్మార్ట్‌ఫోను ఓటింగును పరీక్షించినది. అది నిజమైన ఎన్నిక కాదు, నమూనా ఓటింగు మాత్రమే. అక్టోబరు 8 నుండి 18 వరకు జిల్లావాసులు ఒక యాప్‌లో పేరు నమోదు చేసికొనిరి. 20వ తేదీన నమూనా ఓటు వేసిరి. రాష్ట్ర ఐ.టి. శాఖ, సీడాక్ సంస్థ కలిసి దీనిని తయారుచేసినవి. ఐ.ఐ.టి. ఆచార్యులు సలహా ఇచ్చిరి. వికలాంగులు, వృద్ధులు, రోగులు, ఎన్నికల విధులలో ఉన్న ఉద్యోగులు మొదలైనవారికి ఉపయోగపడవలెనని ఉద్దేశము.

మనిషిని గుర్తించుటకు మూడు అంచెలు పెట్టిరి. ఆధారులోని పేరుతో సరిచూచుట ఒకటి. ఫోను ముందున్నది సజీవమైన మనిషియే గాని ఫోటో కాదని కనిపెట్టుట రెండవది. ఆ ముఖమును ఓటరు గుర్తింపు కార్డులోని పాత ఫోటోతో పోల్చుట మూడవది. ఓటును రహస్య లిపిలోనికి మార్చి, తరువాత ఎవరును దిద్దలేకుండ బ్లాక్‌చెయిన్ అను గొలుసు లెక్కలో ఉంచిరి. బ్లాక్‌చెయిన్ అనగా, ప్రతి పుటలోను ముందు పుట గుర్తు ఉన్న చిట్టా వంటిది. మధ్యలో ఒక పుట మార్చినయెడల తరువాతి పుటలన్నియు తప్పుపట్టును.

ఈ పని చేసినవారిని మెచ్చుకొనవలెను. ముందు నమూనాతో పరీక్షించుట సరియైన పద్ధతి. అయితే మన మూడు కట్టుబాట్లతో దీనిని కొలిచి చూతము. మొదటి కట్టుబాటును, అనగా మనిషిని గుర్తించుటను, ఇది చాలవరకు పట్టుకొన్నది. మూడవదానిలో కొంత భాగమును, అనగా చేరిన ఓటును మార్చకుండ కాపాడుటను, పట్టుకొన్నది. అయితే గొలుసులో చేరక ముందే ఫోనులో ఓటు మారిపోయినయెడల గొలుసు ఏమి చేయగలదు? తప్పు లెక్కనే భద్రముగా దాచును. ఇక రెండవ కట్టుబాటు, అట్ట చాటు, ఏ యాప్‌లోను ఉండదు.

4. ఇతర చోట్ల అనుభవము

గుజరాతు రాష్ట్రములో 2010లో నగరపాలక ఎన్నికలకు, 2011లో గాంధీనగరు ఎన్నికకు ఆన్‌లైన్ ఓటింగు కల్పించిరి. వాడినవారు బహు కొద్దిమంది. 2025 జూన్ 28న బీహారు రాష్ట్ర ఎన్నికల సంఘము పురపాలక ఎన్నికలలో మొబైలు యాప్ ద్వారా నిజమైన ఓట్లు వేయించినది. వృద్ధులు, వికలాంగులు, గర్భిణీ స్త్రీలు, వలస కార్మికులు అందులో నమోదు చేసికొనవచ్చును. ఒక మొబైలు నంబరుతో ఇద్దరు ఓటర్లకు మాత్రమే అనుమతి ఇచ్చిరి. ఎందుకు అట్టి నియమము పెట్టిరో మన ఇండ్లను చూచినవారికి అర్థమగును.

లోకములో ఈ విషయమున ముందున్నది ఎస్తోనియా అను చిన్న దేశము. జనాభా సుమారు 13 లక్షలు. 2005లో మొదలుపెట్టినప్పుడు ఓటర్లలో నూటికి ఇద్దరు మాత్రమే ఇంటర్నెట్టులో వేసిరి. 2023 పార్లమెంటు ఎన్నికలో పడిన ఓట్లలో సగమునకు పైగా ఇంటర్నెట్టులోనే పడినవి. అక్కడ ప్రజలకు చిప్ ఉన్న గుర్తింపు కార్డు, రహస్య సంఖ్యలు ఉన్నవి. బలవంతము చేయువారి నుండి కాపాడుటకు ఒక ఉపాయము పెట్టిరి: ఓటును ఎన్నిసార్లయినను మార్చుకొనవచ్చును, చివరిదే లెక్కకు వచ్చును. కేంద్రమునకు వెళ్లి కాగితముతో వేస్తే అదే నిలుచును.

అయితే నార్వే 2011లోను 2013లోను ప్రయోగించి, 2014లో మానివేసినది. స్విట్జర్లాండులో తపాలా శాఖ వారి కార్యక్రమములో 2019లో లోపములు బయటపడగా ఆపివేసిరి. 2023లో కొద్ది ప్రాంతములలో మాత్రమే మరల ఆరంభించిరి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రములో 2021 డిసెంబరు స్థానిక ఎన్నికల దినమున ఆన్‌లైన్ వ్యవస్థ మొరాయించినది. ఓటు వేయలేకపోయినవారు ఉండుటచేత మూడు చోట్ల ఎన్నికలను కోర్టు రద్దుచేసినది. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానము 2009లో ఓటింగు యంత్రముల విషయమై ఒక మంచి సూత్రము చెప్పినది: ఎన్నికలోని ముఖ్యమైన మెట్లను సాంకేతిక విద్య లేని సామాన్య పౌరుడు కూడ సరిచూచుకొనగలుగవలెను. మన కామసముద్రం సంతలో కూరగాయలు అమ్ము తల్లికి ఓటు లెక్క అర్థము కావలెనన్న మాట.

5. అట్ట చాటు విలువ

అట్ట చాటును చిన్న విషయముగా తలంచకండి. మన పెద్దలలో అనేకులు చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతముల నుండి గనులలో కూలికి వచ్చినవారు. అప్పు ఇచ్చినవానికి, పని ఇచ్చినవానికి ఎదురు చెప్పలేని స్థితిలో బ్రతికినవారు. ఓటు హక్కు వచ్చిన తరువాత వారు ఎవరికిని భయపడకుండ నిలిచిన ఒకే స్థలము ఆ అట్ట చాటు. ఆ అర నిమిషములో కూలివాడును యజమానియు సమానులు.

ఓటు ఫోనులోనికి వస్తే ఆ అట్ట ఎక్కడ ఉండును? అనేక ఇండ్లలో మంచి ఫోను ఒకటే. అది కుమారుని చేతిలోనో భర్త చేతిలోనో ఉండును. వచ్చిన రహస్య సంఖ్యను చదివి చెప్పువాడు మనవడు. "అవ్వా, నేను వేస్తానులే" అనుట ఎంత సులభము! వాడు ప్రేమతోనే చేయవచ్చును. అయినను ఓటు అవ్వది కాకుండ పోయినది. ఇంకొక మెట్టు పైకి పోతే, ఒక ఇంటిలో కూర్చొని పదిమంది ఫోనులు పోగుచేసి, తన కన్నుల ముందర వేయించుకొను నాయకుడు రాడని ఎవరు చెప్పగలరు? ఎస్తోనియావారి ఉపాయము, అనగా తరువాత మార్చుకొనుట, చివరివరకు ఫోను తన చేతిలో ఉన్నవానికి మాత్రమే సహాయపడును.

మన బాప్టిస్టు సంఘములకు ఓటు క్రొత్త కాదు. కాపరిని పిలుచుటకు, డీకనులను ఏర్పరచుటకు సభ్యులందరు కూడి నిర్ణయింతురు. వాట్సాప్ గుంపులో ఓటు పెట్టి చూడండి. ఎవరు దేనికి వేసిరో పేర్లతో సహా కనబడును. విందులో ఏమి వండవలెనను విషయమునకు అది చాలును. డీకనుల ఎన్నికకు చీటీలే మేలని సభ్యులే చెప్పుదురు. దేశపు ఎన్నికకు కూడ ఇదే న్యాయము.

6. ప్రశ్న వ్రాయువాడెవడు?

ఇక రెండవ సంగతికి వత్తము. పాలనలో అభిప్రాయము చెప్పుటకు రహస్యము అంత అవసరము లేదు. అక్కడ ఫోను పనికివచ్చును. అయితే ఇందులో ఇంకొక మెలిక ఉన్నది.

కె.జి.ఎఫ్. సైనైడు దిబ్బలు మనకందరికి తెలిసినవే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. 2024 జూన్‌లో, 13 దిబ్బలున్న సుమారు వెయ్యి ఎకరములలో మరల పని జరుగుటకు కర్ణాటక మంత్రివర్గము సమ్మతించినది. దీనిమీద ప్రభుత్వము ఫోనులో "దిబ్బలలో బంగారము తీయవచ్చునా? అవును, కాదు" అని అడిగినదనుకొందము. పని లేక బెంగళూరుకు తిరుగు యౌవనస్థుడు "అవును" అని నొక్కును. దుమ్ముతో దగ్గు పట్టిన ముసలివాడు "కాదు" అని నొక్కును. నిజముగా ఇద్దరికి కావలసినవి వేరు ప్రశ్నలు: ఉద్యోగములు స్థానికులకు ఎన్ని? దుమ్మును ఎట్లు ఆపుదురు? పాత కార్మికుల ఇండ్ల సంగతి ఏమి? ఆ ప్రశ్నలు ఫోనులో లేనియెడల లక్షమంది నొక్కినను వారి మాట చెప్పినట్లు కాదు. ప్రశ్నను వ్రాసినవాడు సగము జవాబును కూడ వ్రాసినట్లే.

గ్రామసభలో ఈ తేడా కనబడును. కర్ణాటక గ్రామ స్వరాజ్ మరియు పంచాయత్ రాజ్ చట్టము, 1993 ప్రకారము ఆరు నెలలకు ఒకసారియైనను గ్రామసభ జరుగవలెను. దానికి ముందు వార్డు సభలు ఉన్నవి. అక్కడ ఒక స్త్రీ లేచి, "మీరు రోడ్డు గురించి అడుగుచున్నారు, మాకు కావలసినది కుళాయి" అని చెప్పి ప్రశ్ననే మార్చగలదు. ఫోనులోని మీటకు ఆ శక్తి లేదు.

బ్రెజిల్ దేశములోని బెలో హొరిజాంటి నగరము మనకు మరియొక పాఠము చెప్పును. 2006లో ఆ నగరపాలకులు, ఏ పనులకు డబ్బు ఖర్చు పెట్టవలెనో ప్రజలను ఇంటర్నెట్టులో ఓటు అడిగిరి. సుమారు 1,70,000 మంది పాల్గొనిరి. 2008లో ప్రజలు ఎన్నుకొన్న రోడ్డు పని సమయమునకు జరుగలేదు. 2011లో మరల అడిగినప్పుడు పాల్గొన్నవారు సుమారు 25,000 మంది. అడిగి చేయకపోవుట కంటె అడుగకపోవుటయే నయమని ప్రజలు తలంచిరి కాబోలు.

కాబట్టి ఆన్‌లైన్‌లో ప్రజల మాట అడిగినప్పుడు ఈ మూడు చూడవలెను: ప్రశ్నను వ్రాయుటలో ప్రజలకు పాలు ఉన్నదా? ఫోను లేనివాడు అదే మాటను సభలో చెప్పగలడా? వచ్చిన జవాబుతో ఏమి చేసిరో తరువాత చెప్పుచున్నారా?

7. ఇప్పుడు మన చేతిలో ఉన్నవి

వలసపోయినవారి కొరకు కేంద్ర ఎన్నికల సంఘము ఒక దూర ఓటింగు యంత్రమును తయారుచేయించి, 2023 జనవరి 16న పార్టీలకు చూపుటకు పిలిచినది. ఒకే కేంద్రములో 72 నియోజకవర్గముల ఓటర్లు వేయగల యంత్రమది. ఇంటర్నెట్టు దానికి లేదు, అట్ట చాటు ఉన్నది. అనేక పార్టీలు అభ్యంతరము చెప్పినవి. 2024 లోక్‌సభ ఎన్నికలలో దానిని వాడలేదు. మా తలంపులో, ఫోను కంటె ఈ మార్గము మన వలస కుటుంబములకు దగ్గరగా ఉన్నది. దీనిని గురించి అడుగుట మన హక్కు.

అంతవరకు ఈ సదుపాయములను వాడుకొనవలెను.

బెంగళూరులో స్థిరముగా ఉన్నవారు ఫారము 8 ద్వారా ఓటును అక్కడికి మార్చుకొనవచ్చును. రెండు చోట్ల పేరు ఉండుట చట్టవిరుద్ధము. జాబితాలో పేరు ఉన్నదో లేదో ఎన్నికల సంఘము వారి యాప్‌లో గాని, 1950 నంబరుకు ఫోను చేసి గాని తెలిసికొనవచ్చును.

పోలింగు దినమున వేతనముతో కూడిన సెలవు ఇవ్వవలెనని చట్టము ఉన్నది. దినకూలికి పనిచేయువారికి కూడ ఇది వర్తించును. మన సంఘములలోని యజమానులు దీనిని మొదట పాటించవలెను.

2024 లోక్‌సభ ఎన్నికలలో 85 సంవత్సరములు దాటినవారికిని, నూటికి 40 పాళ్లకు తక్కువ కాని వైకల్యము ఉన్నవారికిని ఇంటివద్దనే ఓటు వేయు వీలు కల్పించిరి. ఉద్యోగులే అట్ట తీసుకొని ఇంటికి వచ్చిరి. దానికి ముందుగా ఫారము 12డి ఇవ్వవలసియుండెను. రాబోవు ఎన్నికకు నియమములను ముందే విచారించి, సంఘములోని పెద్దలకు సహాయపడండి.

విదేశములలో ఉన్న భారత పౌరులకు 2010 చట్ట సవరణవలన జాబితాలో పేరు చేర్చుకొను హక్కు వచ్చినది. అయితే ఓటు వేయుటకు స్వయముగా రావలసియున్నది.

ఇక అభిప్రాయము చెప్పు విషయము. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్‌లో ప్రతి పంచాయతీ వేసికొన్న ప్రణాళిక, ఖర్చుల వివరములు ఫోనులోనే చూడవచ్చును. బెంగళూరులో ఉన్న కుమారుడు తన ఊరి లెక్క చూచి, ఊరిలో ఉన్న తల్లికి చెప్పవచ్చును. తల్లి గ్రామసభలో లేచి అడుగవచ్చును. ఫోను లెక్కను చూపును, మనిషి ప్రశ్నను అడుగును. ఈ రెండును కలిసినప్పుడు పాలనలో మన మాట బలపడును.

చర్చించుటకు ప్రశ్నలు

1. పోలింగు గదిలోని మూడు కట్టుబాట్లు ఏవి? వాటిలో ఖమ్మము ప్రయోగము వేటిని పట్టుకొన్నది, దేనిని పట్టుకొనలేదు?

2. బ్యాంకు రసీదు ఇచ్చినట్లు ఓటుకు రసీదు ఇస్తే ఏమి జరుగును?

3. మీ ఇంటిలో ఓటర్లు ఎందరు? సొంత ఫోను ఉన్నవారు ఎందరు? దానిని స్వయముగా చదివి వాడగలవారు ఎందరు?

4. మీ ఊరిలో గడచిన గ్రామసభ ఎప్పుడు జరిగినది? మీలో ఎందరు వెళ్లిరి? స్త్రీలలో ఎందరు మాటలాడిరి?

5. మీ వార్డుకు కావలసినది ఏమో ఒక్క ప్రశ్నగా వ్రాయండి. దానికి "అవును, కాదు" అను రెండు మాటలలో జవాబు ఇమడునా? ఇమడనియెడల, రాబోవు గ్రామసభలో దానిని ఎవరు లేచి అడుగుదురో కూటములోనే నిర్ణయించి, పేరు వ్రాసికొనండి.